చివర్లో వదలాల్సిన చేప

ఆఫీసులో ఎవరి పక్కన ఎవర్ని కూర్చోబెట్టాలో తేల్చడం సూపరింటెండెంటుగారి పని. అదేమీ ఆషామాషీ వ్యవహారం కాదు. ఫ్యాను లేకపోతే ప్రాణం పోతుందనేవాడికీ, ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరిపోతున్నాయని ఏడ్చేవాడికీ మధ్య ఎవర్ని వెయ్యాలి, ఫోనులో ఊరంతా వినేలా మాట్లాడే ఆవిడను ఎవరి వీపు వెనక పెట్టాలి, ఒకరి మొహం ఒకరు చూసుకోని ఇద్దరు గుమాస్తాలకు ఒకే బీరువా ఎలా పంచాలి, ఇవన్నీ ఆయనకు కొట్టిన పిండి. వెనకాల అందరూ ఆయన్ని "సర్దుబాటు" అనుకునేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేవాడు కూడా.

అంతటి మనిషికి ఇంట్లో ఇద్దరంటే ఇద్దరు ఆడవాళ్ళ మధ్య పొత్తు కుదర్చడం చేతకాలేదు. కనీసం ఆయన అలా అనుకున్నాడు. మనం కూడా ప్రస్తుతానికి అలాగే అనుకుందాం, పోయేదేముంది.

ఆ ఇద్దరిలో ఒకరు ఆయన అక్క. మొదటి భార్య పోయినప్పుడు నాలుగు రోజులు ఉండి వెళ్దామని వచ్చి, తమ్ముడి వాలకం చూసి ఏళ్ళ తరబడి ఉండిపోయింది. ఆమెకు కుట్టు మిషనే లోకం. చుట్టుపక్కల బడిపిల్లల యూనిఫారాల్లో సగం ఆమె చేతి మీదుగా వెళ్ళినవే. రెండో ఆవిడ ఆయన కొత్త భార్య, లెక్కల టీచరు. తలలు నెరుస్తున్న వయసులో ఇద్దరూ ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. ఏదో కాగితం పని మీద ఆఫీసుకు వచ్చిన టీచరుకి ఆయన ఒక కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. "అక్కడ ఎండ పడుతోందండీ," అని ఆవిడ ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది. అంత సర్వీసులో ఆయన చూపించిన కుర్చీని కాదన్న మనిషి ఆవిడ ఒక్కతే. అక్కడికక్కడే మనసు పారేసుకున్నాడు.

పెళ్ళయ్యాక మాత్రం కుర్చీ ఆయనే చూపించడం మొదలుపెట్టాడు.

ఆయన గుండెల్లో ఒక భయం ఉండేది. టీచరు పెళ్ళికి ముందు ఉన్న వాటాను ఇంకా ఖాళీ చెయ్యలేదు. సైకిల్ షాపు మీద రెండు గదుల పైవాటా అది, బడికి దగ్గర. దాని తాళంచెవి ఆవిడ హ్యాండుబ్యాగులోనే ఉంది. ఆవిడ పెట్టె మంచం కింద ఉంది, సగం బట్టలు అందులోనే. రోజూ ఆఫీసు నుంచి రాగానే, నడుం పట్టేసిందని మూలిగినట్టు మూలిగి, వంగి, ఆ పెట్టె ఉందో లేదో చూసుకునేవాడు. ఉంటే ఊపిరి పీల్చుకునేవాడు. ఒకసారి భార్యను పోగొట్టుకున్న మనిషి, ఈవిడ కూడా వెళ్ళిపోతే ఇక తట్టుకోలేనని నిజంగానే వణికిపోయేవాడు. అయితే ఆ మాట ఆవిడతో అనొచ్చుగా. అనలేదు. దానికి బదులు చేపల తొట్టి కొన్నాడు.

మామూలు తొట్టి కాదు. ఉప్పునీళ్ళ తొట్టి. అందులో సముద్రపు రాళ్ళు, రాళ్ళ మీద పగడాలు, వాటి మధ్య తిరిగే చేపలు. వదినా మరదళ్ళు చెరోవైపు కూర్చుని ఆ రంగులు చూస్తూ చూస్తూ కలిసిపోతారని ఆయన పథకం. పథకం బాగానే ఉంది, కాదన్నదెవరు. కానీ హాల్లో ఎండ పడని చోటు ఒక్కటే, అక్కడ అక్క మిషను ఉంది. మిషను అదురుకి చేపలు బెదురుతాయని దాన్ని పెరటి వసారాలోకి తోయించాడు. సాయంత్రం టీచరు దగ్గర లెక్కలు చెప్పించుకునే పిల్లలు అద్దం మీద వేళ్ళతో కొడుతున్నారని వాళ్ళను మేడమెట్ల మీదకు పంపాడు. ఫ్రిజ్ పైఅరంతా చేపల మేత. స్నానాల గదిలో ఉప్పునీళ్ళ బక్కెట్లు. దోమల మందు కొట్టకూడదు, తలుపు దభాలున వెయ్యకూడదు, వంటింటి పొగ హాల్లోకి రాకూడదు, తొట్టి దీపం ఆరాక హాల్లో లైటు వెయ్యకూడదు. చేపలు పడుకుంటాయి మరి.

పనిలో పనిగా వంటిల్లు కూడా పంచేశాడు. పొద్దుటి పూట అక్కది, సాయంత్రం టీచరుది. పైఅరలు ఒకరివి, కింది అరలు ఒకరివి. పంచమని ఎవరూ అడగలేదు. ఆయన ముందు ఇద్దరూ ముక్తసరిగా మాట్లాడేవారు, అది చూసి "చూశావా, ఉప్పూ నిప్పూ" అనుకునేవాడు. ఆయన ఇంట్లో లేనప్పుడు వాళ్ళు ఎలా ఉండేవారో ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు.

చేపల ఎంపిక మాత్రం పెళ్ళిచూపుల కన్నా శ్రద్ధగా చేశాడు. పుస్తకాలు తెప్పించి నమిలి మింగాడు. ఎవరు ఎవరి జోలికి పోరు, ఎవరు పగడాన్ని కొరుకుతారు, ఎవరు రాయి కింద ఉంటారు, ఎవరు నీళ్ళ మధ్యన తిరుగుతారు, అన్నీ నోటికి వచ్చేశాయి. చేపల దుకాణదారు ఏమడిగినా "భేషుగ్గా ఉంటుందండీ" అనే మనిషి.

"చిన్న తొట్టి. ఎక్కువమంది వద్దు," అన్నాడు సూపరింటెండెంటు. "నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న జంట ఒకటి. నిప్పు తోక చేప ఒకటి, అది సాధువు. అడుగు ఊడ్చేందుకు నత్తలు, సన్యాసి పీతలు. ఒక రొయ్య."

"భేషుగ్గా ఉంటుందండీ. అయితే నీళ్ళు ఇంకా కుదురుకోలేదు కదా. ముందు ఈ నీలందాన్ని వదలండి. మొండి ప్రాణం, దేనికైనా తట్టుకుంటుంది."

బొటనవేలంత నీలి చేప. మిగతా చేపలన్నీ చెయ్యి చూసి పారిపోతుంటే అది ఒక్కతే అద్దం దగ్గరికి వచ్చి ఆయన కళ్ళలోకి చూసింది. "ఎంత నిబ్బరమో చూడండి," అని ముచ్చటపడిపోయి, చదివినదంతా గాలికొదిలేసి, దాన్ని అందరికన్నా ముందు తొట్టిలో వదిలాడు. పుస్తకాలన్నీ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది అదొక్కటే. పోట్లాడే జాతిని ముందు వదలకూడదు, వదిలితే అందరికన్నా చివర్లో వదలాలి.

తర్వాత వచ్చిన చేపల్ని మాత్రం శాస్త్రోక్తంగా దింపాడు. తెచ్చిన సంచిని అలాగే నీళ్ళ మీద తేలనిచ్చి, తొట్టి నీళ్ళు కాసిని కాసిని అందులో పోస్తూ, వాటికి ఇక్కడి నీళ్ళు అలవాటయ్యేదాకా స్టూలు మీద కూర్చున్నాడు. "కొత్తగా వచ్చినవాళ్ళను ఒక్కసారిగా తోసెయ్యకూడదు," అని ఇంట్లో వాళ్ళకు వినబడేలా అన్నాడు. పెళ్ళయి వచ్చిన మర్నాడే టీచరుకి ఇంటి నియమాలన్నీ ఏకరువు పెట్టిన సంగతి ఆయనకు గుర్తు రాలేదు.

ఇంకోరోజు తొట్టి అడుగున ఖాళీ చిప్పలు పేరుస్తుంటే టీచరు అడిగింది.

"అవెందుకండీ, వాటిలో ఏమీ లేవుగా?"

"సన్యాసి పీతలకి. వాటికి సొంత చిప్ప ఉండదు, ఖాళీవి వెతుక్కుని దూరతాయి. ఇంకో చిప్ప అందుబాటులో లేదంటే కంగారుపడి నత్తల్ని చంపి వాటివి లాక్కుంటాయి. ఖాళీది ఒకటి కళ్ళ ముందు ఉంటే బుద్ధిగా ఉంటాయి. దూరకపోయినా సరే, ఉందన్న ధీమా చాలు."

"పాపం, బాగా అర్థం చేసుకున్నారు."

"చదవాలి మరి," అన్నాడు ఆయన. చేతులు తుడుచుకుంటూ అదే ఊపులో, "అన్నట్టు, ఆ సైకిల్ షాపు మీది వాటా ఇంకా ఎందుకు? ఈ నెలతో వదిలెయ్. రెండు పడవల మీద కాళ్ళెందుకు?" అన్నాడు.

టీచరు చిప్పల వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "ఆలోచిస్తా," అని మెట్ల మీద పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఆయన రెండుసార్లు మంచం కిందకి వంగి చూశాడు.

ఇక నీలి చేప సంగతి. ముందు వచ్చింది కాబట్టి తొట్టంతా తన తాతల నాటి ఆస్తి అనుకుంది. జంట చేపల్ని ఒక మూలకు నెట్టింది. రొయ్య రాయి కింద నుంచి మీసాలు కూడా బయట పెట్టడం మానేసింది. పాపం, ఆ నిప్పు తోక చేపను మాత్రం ఊపిరి సలపనివ్వలేదు. అది ఎక్కడ ఆగితే అక్కడికి వచ్చి తరిమేది. సూపరింటెండెంటు కొత్తలో "కుర్ర చేష్టలు, సర్దుకుంటాయి" అన్నాడు. ఒక తెల్లవారుజామున టీచరు మంచినీళ్ళకని లేచి, హాల్లో లైటు వెయ్యకూడదు కాబట్టి చీకట్లో నడుస్తూ, తడిగా మెత్తగా ఏదో కాలికి తగిలి ఆగిపోయింది. నిప్పు తోక చేప. మూతకూ అద్దానికీ మధ్య ఉన్న సందులోంచి దూకి ప్రాణం వదిలేసింది.

ఆయన లేచి వచ్చేసరికి టీచరు దాన్ని అరచేతిలో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. పక్కన అక్క.

"ఎక్కడ ఉండాలో తెలియక దూకేసింది," అంది టీచరు.

"దూకే జాతే అది. మూత సందు చూసుకోవాల్సింది," అన్నాడు ఆయన.

"దూకాలనిపించేదాకా ఎందుకు రానిచ్చారు?"

ఆయన దగ్గర సమాధానం ఉంది. చాలా పెద్దది. కానీ ఆవిడ లేచి వెళ్ళి హ్యాండుబ్యాగులో ఏదో వెతుక్కుంటున్న చప్పుడు వినగానే ఆయనకు పైవాటా తాళంచెవి గుర్తొచ్చింది. భయం వేసింది. చేప కోసం కాదు.

ఆ ఆదివారమే కార్యక్రమం పెట్టాడు. రాళ్ళ సందుల్లో దూరే నీలి చేపను వలతో పట్టడం ఎవరి తరం కాదు, రాళ్ళన్నీ బయటికి తియ్యాల్సిందే. అక్క ఒక బక్కెట్టు, టీచరు ఒక బక్కెట్టు పట్టుకున్నారు. ఆయన మోచేతుల దాకా ఉప్పునీళ్ళలో ముంచి, ఒక్కో రాయి అందిస్తూ ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఇద్దరూ ఒకేచోట నిలబడి వినడం అదే మొదటిసారి కాబట్టి, అవకాశం వదులుకోదలచుకోలేదు.

"తప్పు చేపది కాదు. ముందు వచ్చింది. ప్రతి రాయీ, ప్రతి సందూ తనదే అనుకుంది. తను పెత్తనం చేస్తున్నానని దానికి తెలియనే తెలియదు. ఇల్లు కాపాడుతున్నాననుకుంటుంది."

"మరి దారికి ఎలా తెస్తారు?" అంది అక్క.

"దాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టాలి. ఈలోగా మిగతావాళ్ళు కుదురుకుంటారు. తర్వాత దాన్ని చివరగా వదలాలి. అప్పుడది కొత్తది, వీళ్ళు పాతవాళ్ళు. నోరెత్తదు."

"దాన్ని పట్టుకోవడం కుదరకపోతే?" అంది టీచరు.

"అప్పుడు మిగతావాళ్ళనే వేరే తొట్టిలోకి మార్చాలి. ఫలితం ఒకటే."

వదినా మరదళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్క బక్కెట్టు చెయ్యి మార్చుకుంది. సూపరింటెండెంటుకి ఆ చూపు కంటబడి కడుపు నిండిపోయింది. తగలాల్సిన చోట తగిలిందనుకున్నాడు. ఎవరికి తగలాలన్నది కూడా ఆయన లెక్కలో తేలిపోయింది. ముందు వచ్చింది అక్క, కాబట్టి నీలి చేప అక్కే. ఆ మధ్యాహ్నం వంటింట్లో అక్క ఒంటరిగా దొరికితే నెమ్మదిగా అన్నాడు. "కొత్తగా వచ్చిన మనిషికి కాస్త చోటివ్వాలక్కా."

"అవునురా, ఇవ్వాలి," అంది అక్క. ఆయన మొహం కేసి వింతగా చూసి, గిన్నెలు కడుక్కోవడంలో పడింది.

నీలి చేప బుడగల గొట్టంతో సహా స్నానాల గదిలో ఒక బక్కెట్టులోకి మారింది. తొట్టిలో శాంతి నెలకొంది. రొయ్య బయటికి వచ్చి మీసాలు దువ్వుకుంది. నాలుగు రోజులు పోయాక సూపరింటెండెంటు ఆఫీసు నుంచి ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చి, అలవాటు ప్రకారం నడుం పట్టుకుని మంచం కిందకి వంగాడు.

పెట్టె లేదు.

ఇంకోసారి వంగి చూశాడు. "అక్కా," అని పిలిచాడు. పలకలేదు. వంటిల్లు ఖాళీ. వసారాలోకి వెళ్ళి చూస్తే కుట్టు మిషను ఉండాల్సిన చోట నాలుగు కాళ్ళ గుర్తులు, రెండు దారపు పోగులు. ఇదేమిటి, టీచరు వెళ్ళిపోతే మిషను ఎందుకు వెళ్ళాలి? అక్కకి ఫోను చేశాడు.

"పైవాటాలో ఉన్నాంరా, ఇద్దరం," అంది అక్క తాపీగా. వెనక పిల్లలు ఎక్కాలు చదువుతున్న గోల.

"ఏం జరిగింది? ఎవరు ఎవర్ని ఏమన్నారు?"

"ఎవరూ ఏమీ అనలేదు. మేం ఏనాడు పోట్లాడుకున్నాం?"

"మరి ఎందుకు..."

"నీ పుస్తకం ప్రకారమే. పట్టుకోవడం కుదరకపోతే మిగతావాళ్ళనే మార్చాలన్నావుగా. నువ్వు పట్టుబడే రకం కాదు."

"నేను వస్తున్నా," అన్నాడు.

"ఇప్పుడే వద్దు. మేం కాస్త కుదురుకోవాలి."

ఆ రోజులు ఎలా గడిచాయో ఆయనకే తెలియాలి. ఆఫీసులో ఎవరో సీటు మార్చమని అడిగితే "నీకెక్కడ బాగుంటుందో నువ్వే చూసుకో" అన్నాడట. అది విని గుమాస్తాలు ముక్కున వేలేసుకున్నారు. ఇంట్లో తలుపు దభాలున వేసేవాళ్ళు లేరు, పొగ లేదు, హాల్లో లైటు వేసేవాళ్ళు లేరు. నియమాలన్నీ తు.చ. తప్పకుండా అమలవుతున్నాయి. తొట్టిలో చేపలు ఒకదాని జోలికి ఒకటి పోకుండా ముద్దుగా తిరుగుతున్నాయి. ఆ ముద్దు ఎవరికి చూపించాలి? రెండో రోజుకే ఆయనకు ఏడుపు వచ్చింది, స్టూలు మీద కూర్చుని ఏడ్చాడు కూడా.

ఆదివారం పొద్దున నీలి చేపను తొట్టిలో వదిలాడు. రాళ్ళన్నీ కొత్త వరసలో ఉన్నాయి. అది తన సందు కోసం వెళ్ళింది, సందు లేదు. జంట చేపల్లో పెద్దది వచ్చి చిన్నగా ఒక్కటి తోసింది. అంతే, నీలి చేప వెనక్కి తగ్గి, గొట్టం పక్కన ఎవరికీ అక్కరలేని మూల చూసుకుని, అక్కడ ఉండొచ్చా అన్నట్టు రెక్కలు ముడుచుకుని నిలబడింది. సూపరింటెండెంటు దాన్ని అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఇన్నాళ్ళూ చదివిన పుస్తకాలన్నిట్లో తన గురించే రాసుందని అప్పటికి బుర్రకెక్కింది. చేతిసంచిలో రెండు జతల బట్టలు వేసుకుని బయల్దేరాడు.

సైకిల్ షాపు పక్కన ఇనుప మెట్లు ఎక్కుతుంటే పైనుంచి అక్క గుమ్మంలోకి వచ్చింది.

"అక్కడే కూర్చో కాసేపు. ఒక్కసారిగా లోపలికి రాకూడదు," అంది.

మెట్టు మీద కూర్చున్నాడు. ఎండగా ఉంది. కింద ఎవరో సైకిలుకి గాలి కొట్టించుకుంటూ ఆయన్నే చూస్తున్నారు. కాసేపటికి టీచరు గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చింది.

"కాసిని కాసిని తాగండి. ఇక్కడి నీళ్ళు అలవాటవ్వాలి కదా," అంది. మొహంలో నవ్వు లేదు, కళ్ళలో ఉంది.

ఆయన ఒక గుక్క తాగాడు. "నువ్వు వెళ్ళిపోతావేమోనని రోజూ మంచం కిందకి చూసేవాణ్ణి. చాలా భయపడ్డాను," అన్నాడు గ్లాసులోకి చూస్తూ.

"తెలుసు. నడుం నొప్పి మనిషి అంత సులువుగా వంగడు."

"తెలిసీ ఊరుకున్నావా?"

"అడుగుతారేమోనని చూశాను. మీరు చేపలకి ఏం కావాలో అడిగారు, పీతలకి ఏం కావాలో అడిగారు."

ఆయన తల వంచుకున్నాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ తల అంత కిందికి ఎప్పుడూ వంగలేదు. టీచరు కాసేపు ఆ తెల్ల వెంట్రుకల్ని చూస్తూ నిలబడి, "రండి," అంది.

లోపల కిటికీ పక్కన అక్క మిషను గడగడ తిరుగుతోంది. దాని చుట్టూ చాప మీద పిల్లలు లెక్కలు చేసుకుంటున్నారు. ఒకడు గట్టిగా ఎక్కం అప్పజెబుతుంటే ఇంకో పిల్ల అక్క కుట్టిన చొక్కాకి గుండీలు ఏరి పెడుతోంది. ఆ చప్పుడుకి ఎవరూ బెదరడం లేదు. టీచరు పెట్టె అటక మీద ఉంది, బట్టలన్నీ తీసేసి, మూత తెరిచి. గుమ్మం పక్కన మేకుకి రెండు తాళంచెవులు వేలాడుతున్నాయి, ఈ వాటాది ఒకటి, ఆ ఇంటిది ఒకటి.

సూపరింటెండెంటు చేతిసంచి పట్టుకుని గది మధ్యలో నిలబడ్డాడు. అలవాటు కొద్దీ ఆయన కళ్ళు గదంతా కొలిచాయి. మిషను ఇటు జరిపితే వెలుతురు బాగా వస్తుంది, ఆ గట్టిగా అరిచేవాణ్ణి మూలన వేస్తే బాగుంటుంది. నాలుక చివరిదాకా వచ్చింది. అక్క మిషను ఆపి తమ్ముడి మొహం కేసి చూసింది. పిల్లలు కూడా చూశారు.

ఆయన ఆ మాట మింగేశాడు.

"నేనెక్కడ కూర్చోను?" అన్నాడు.

వదినా మరదళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీచరు గదంతా ఒకసారి పరికించి, కిటికీ కింద ఉన్న చిన్న స్టూలు చూపించింది.

"అక్కడ కాస్త ఎండ పడుతుంది మరి."

"ఫర్వాలేదు," అని ఆయన వెళ్ళి దాని మీద కూర్చున్నాడు.